ఫ్రెట్‌కీ పిడికిలికీ ఒకటే ముంజేయి

గిటార్ వాయిస్తూ జూడోయో, బాక్సింగో, జిమ్మో సాగించేవాళ్లు మామూలుగా గంటలు లెక్కపెట్టుకుంటారు. ఆరు నుంచి ఏడున్నర దాకా క్లాసు, భోజనం, తర్వాత ఒక గంట సాధన. టైమ్‌టేబుల్లో ఎక్కడా ఇబ్బంది కనిపించదు. అయినా రెండు మూడు నెలలు గడిచేసరికి ఎడమ ముంజేయి సలపడం మొదలవుతుంది, బారె కార్డు (చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కి పట్టేది) సరిగ్గా మోగదు, పొద్దున లేవగానే ఉంగరపు వేలు ముడుచుకోదు. గంటలు సరిపోయాయి, చెయ్యి సరిపోలేదు. రోజు మొత్తంలో ఆ చెయ్యి ఎన్నిసార్లు, ఎంత గట్టిగా, ఎంతసేపు దేన్నో పట్టుకుందన్నది ఎవరూ లెక్కవేయరు. అసలు వేయాల్సిన లెక్క అదే.

వేళ్లను ఆడించేది ఎక్కడ?

వేళ్లలో కండరాలు లేవు. అరచేతిలో చిన్న కండరాలు కొన్ని ఉన్నాయి, కానీ వేలిని బలంగా ముడిచే పని ముంజేతి లోపలివైపు కండరాలది. వాటి నుంచి టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మణికట్టు గుండా వేళ్లకు వెళతాయి. మణికట్టు దగ్గర కార్పల్ టనెల్ అనే ఇరుకు దారిలో తొమ్మిది టెండన్లు, ఒక నరం కలిసి ప్రయాణిస్తాయి. టెండన్లు వాచినా, మణికట్టు బాగా వంచి వేళ్లు బిగించినా ముందు నలిగేది ఆ నరమే.

వేలి కొసను ముడిచే లోతు కండరంలో (ఫ్లెక్సర్ డిజిటోరమ్ ప్రొఫండస్) చూపుడువేలి భాగం కాస్త స్వతంత్రంగా ఉంటుంది. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు మూడింటి భాగాలు చాలావరకు కలిసే పనిచేస్తాయి. జూడోలో, గీ (మందపాటి గుడ్డ చొక్కా) వేసుకుని ఆడే జుజిట్సులో చొక్కా చేతిని పట్టి లాగే బరువు ఎక్కువగా ఈ మూడు వేళ్ల మీదే పడుతుంది. క్లాసు నుంచి వచ్చి గిటార్ అందుకుంటే చూపుడువేలు మాట వింటుంది, ఉంగరపు వేలూ చిటికెన వేలూ వినవు. దీన్ని సాధన తక్కువై వచ్చిన లోపం అనుకుని అదే రాత్రి చిటికెన వేలికి అదనపు ఎక్సర్‌సైజులు చేసేవాళ్లున్నారు. అలసిన కండరానికే మళ్లీ పని చెప్పడం అది.

మరో సంగతి. పిడికిలి బిగించినప్పుడు మణికట్టు లోపలికి ఒంగిపోకుండా ఆపేది ముంజేతి వెలుపలి కండరాలు. అంటే పట్టు పట్టిన ప్రతిసారీ రెండు వైపులా పని జరుగుతోంది. మోచేతి వెలుపలి ఎముక దగ్గర వచ్చే నొప్పిని టెన్నిస్ ఎల్బో అంటారు గానీ, టెన్నిస్ బ్యాట్ ముట్టనివాళ్లకే అది ఎక్కువగా వస్తుంది. పట్టు మీద బతికేవాళ్ల నొప్పి అది.

అన్నీ ఎడమ చేతికే

కుడిచేతి వాటం గిటారిస్టు ఫ్రెట్ల (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీల) మీద నొక్కేది ఎడమ చేత్తో. అదే మనిషి జూడోకి వెళితే కుడిచేత్తో కాలరు, ఎడమచేత్తో చొక్కా చెయ్యి పట్టుకుంటాడు. బాక్సింగ్‌లో ఆర్థడాక్స్ (కుడివాటం) నిలబాటు అయితే జాబ్, అంటే ముందు చేతి సూటి గుద్దు, ఎడమచేతిది, రౌండు మొత్తంలో ఎక్కువసార్లు విసిరే గుద్దు అదే. ఇంటికి బయల్దేరితే గేర్ల బండి క్లచ్ కూడా ఎడమ పక్కనే. హైదరాబాద్‌లో సాయంత్రం ఏడింటికి అమీర్‌పేట దాటి వచ్చినవాడి ఎడమచెయ్యి, గిటార్ ముట్టకముందే కొన్ని వందలసార్లు ముడుచుకుని ఉంటుంది. దీన్ని ఎవరూ వ్యాయామం కింద జమ వేయరు. క్లచ్ కేబుల్‌కి ఆయిల్ వేయించి, లీవర్ చేతికి అందే కోణంలో బిగించుకోవడం గిటారిస్టుకు అక్షరాలా సంగీత సంబంధమైన పని.

ఎడమచేతి వాటం గిటారిస్టులకు ఈ లెక్క తిరగబడుతుంది. వాళ్లు కుడివాటం నిలబాటులో ఆడితే జాబ్ పికింగ్ చేతికి, వెనక చేత్తో విసిరే బలమైన క్రాస్ గుద్దు ఫ్రెట్ చేతికి వస్తాయి. దెబ్బలు తక్కువే, ఒక్కో దెబ్బ బరువు మాత్రం ఎక్కువ.

ఏ విద్య చేతిని ఎంత అడుగుతుంది

టైక్వాండో ఇక్కడ అందరికన్నా సౌమ్యం. పని చాలావరకు కాళ్లది. బ్లాక్ చేసేటప్పుడు అరచెయ్యి తెరిచి ఎదుటివాడి కాలికి అడ్డం పెట్టడమే అందులో వేళ్లు విరిగే తోవ. చెయ్యి ముడిచి ముంజేత్తో ఆపడం అలవాటు చేసుకుంటే చాలు. బెల్టు పరీక్షల్లో పలక పగలగొట్టాల్సి వస్తే, ఎంచుకునే వీలున్నచోట పాదమో మోచెయ్యో ఎంచుకోండి.

బాక్సింగ్‌లో పట్టు తక్కువ, తాకిడి ఎక్కువ. చూపుడువేలు, మధ్యవేలు మొదళ్ల వెనకున్న అరచేతి ఎముకలు కదలకుండా గట్టిగా ఉంటాయి. ఉంగరపు, చిటికెన వేళ్ల వెనకున్నవి కదులుతాయి. గుద్దు పక్కకు జారి చిటికెన వేలి కణుపు మీద పడితే విరిగేది దాని వెనక ఎముక మెడ. బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటే ఇదే. హ్యాండ్ రాప్ (గ్లవ్స్ కింద చేతికి చుట్టే పట్టీ) నాలుగున్నర మీటర్లది తీసుకోండి. పొట్టివాటితో మణికట్టు, కణుపులు రెండూ సరిగ్గా కప్పడం కుదరదు. మణికట్టు చుట్టూ మూడు నాలుగు చుట్లు, కణుపుల మీద మూడు నాలుగు, వేళ్ల సందుల్లోంచి ఒక్కొక్కటి, మళ్లీ మణికట్టుకి. చుట్టేటప్పుడు వేళ్లు బాగా చాపి ఎడంగా ఉంచాలి. పిడికిలి ముడిచి చుడితే తెరవగానే వదులవుతుంది, వేళ్లు దగ్గరగా పెట్టి చుడితే పిడికిలి బిగించినప్పుడు రక్తం ఆడదు. గ్లవ్స్ లోపల పిడికిలిని రౌండంతా బిగించి ఉంచడం కొత్తవాళ్ల అలవాటు. బిగింపు తాకే క్షణంలోనే ఉండాలి. ముంజేతి అలసటలో పెద్ద భాగం అక్కడే మిగులుతుంది.

కరాటేలో మకివారా పలకను గుద్ది కణుపులు రాటుదేల్చే సాధన గిటారిస్టుకు వద్దనే చెబుతాం. కణుపు మీద వేలి టెండన్‌ని నడిమధ్య నిలిపే పలుచని పట్టీ చిరిగితే, వేలు చాచేటప్పుడు టెండన్ పక్కకు జారుతుంది. ముఖ్యంగా మధ్యవేలికి. అది ఫ్రెట్ల మీద తిరగాల్సిన వేలు.

గీ జుజిట్సు, జూడో రెండూ ఈ జాబితాలో అత్యంత ఖరీదైనవి. గీ లేకుండా ఆడే నో-గీలో గుడ్డ పట్టు ఉండదు, మణికట్టునీ మెడనీ అరచేత్తో కొక్కెంలా పట్టడమే. రెండూ నేర్పే చోట చేరినవాళ్లు కచేరీలున్న నెలలో నో-గీ క్లాసులకు మారడం తేలికైన ఉపాయం. గీ తప్పనప్పుడు ఒకే నియమం: పట్టు జారిపోతోందనిపించగానే మీరే వదిలేయండి. ముడిచి బిగించి ఉన్న వేలిని ఎదుటివాడు విదిలించి లాగేసుకున్నప్పుడే వేలి టెండన్ ఎముక నుంచి ఊడుతుంది.

మన కబడ్డీలోనూ ప్రమాదం ఇదే. రైడర్ చీలమండ పట్టినప్పుడు అతను విదిలిస్తాడు, వేళ్లు మెలిపడతాయి. కుస్తీలో పట్టు మణికట్టు మీదా మెడ మీదా ఉంటుంది కాబట్టి వేళ్లకు కాస్త నయం. కర్రసాములో కర్రను రౌండంతా బిగించి తిప్పేవాళ్లకు బొటనవేలి మొదలు నొస్తుంది. కర్ర వేళ్లలో వదులుగా తిరగాలి, తాకే చోట మాత్రం బిగియాలి. జోడీగా ఆడేటప్పుడు కర్ర జారి వచ్చి తగిలేది వేళ్ల మీదే కాబట్టి, గ్లవ్స్ వేసుకోవడం చిన్నతనం కాదు.

ముందు గిటార్, తర్వాత కుస్తీ

ఒకే రోజు రెండూ ఉంటే గిటార్ ముందు. అలసిన ముంజేత్తో వాయిస్తే జరిగేది తప్పు స్వరాలతో ఆగదు. కండరం అలసినప్పుడు వేలికి ఎంత ఒత్తిడి సరిపోతుందో అంచనా పోతుంది, అవసరానికి మించి నొక్కుతాం. ఆ అతి ఒత్తిడే అలవాటుగా ముదిరితే దాన్ని వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. ఉదయం సాధన, సాయంత్రం క్లాసు అన్నింటికన్నా మేలు. కుదరకపోతే మధ్యలో కనీసం నాలుగైదు గంటలు ఉంచండి. అదీ కుదరక రాత్రి క్లాసు తర్వాతే గిటార్ దొరికితే, ఆ గంటను ఎడమ చెయ్యి ఎక్కువగా అడగని పనికి వాడండి: తెరిచిన తీగల మీద పికింగ్, మెట్రోనోమ్‌తో లయ, పాట విని స్వరాలు రాసుకోవడం. బారె కార్డులు, బెండ్లు (నొక్కిన తీగను పక్కకు లాగడం), లెగాటో (మీటకుండా ఎడమ వేళ్లతోనే స్వరాలు మోగించడం) ఆ రాత్రికి వద్దు.

కండరం ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటుంది. టెండన్ అంత త్వరగా తేరుకోదు. గట్టి పని తర్వాత మొదటి ఒకటిన్నర రోజు దాని లోపల అరుగుదలే ఎక్కువ, కట్టుకోవడం ఆ తర్వాత పైచేయి అవుతుంది. అందుకని గీ క్లాసు, డెడ్‌లిఫ్ట్ రెండూ వరస రోజుల్లో పెట్టడం కన్నా, గట్టి పట్టున్న ఆ పనులు ఒకే రోజు ముగించి మర్నాడు వేళ్లకు తేలిక పని ఇవ్వడం మంచిది. వింతగా అనిపిస్తుంది గానీ, బరువును వారమంతా సమానంగా పంచితే టెండన్‌కి సెలవు రోజే ఉండదు.

ఉదాహరణకు సోమ, గురువారాలు గీ క్లాసులు అనుకుందాం. డెడ్‌లిఫ్ట్, పులప్స్ ఉండే జిమ్ పని కూడా ఆ రెండు రోజులే, ఉదయం. మంగళ, శుక్రవారాలు వేళ్లకు విశ్రాంతి: పరుగు, బస్కీలు, గిటార్ మీద ఇరవై నిమిషాల తేలిక వాయింపు. బుధ, శని, ఆదివారాలు అసలు గిటార్ సాధన. అందులోనూ ఇరవై అయిదు నిమిషాలకు ఒకసారి అయిదు నిమిషాలు చెయ్యి వదిలేయాలి. కొత్తగా ఏదైనా మొదలుపెట్టిన నెలలో, అంటే జిమ్‌లో చేరినా, స్టీల్ తీగల అకూస్టిక్‌కి మారినా, మిగతావాటిలో ఒకటి మూడోవంతు తగ్గించండి. గాయాలు ఎక్కువగా వచ్చేది పని ఉన్నట్టుండి పెరిగిన వారాల్లోనే.

జిమ్‌లో పట్టు ఆదా

వీపు, కాళ్ల కోసం చేసే ఎక్సర్‌సైజుల్లో చేతివేళ్లను వృథాగా ఖర్చుపెట్టకండి. డెడ్‌లిఫ్ట్, రోయింగ్ వార్మప్ సెట్లు ఉత్త చేతుల్తో చేసి, బరువైన సెట్లకు స్ట్రాప్స్ కట్టండి. స్ట్రాప్స్ వాడితే పట్టు బలహీనమవుతుందని జిమ్‌లో ఎవరో ఒకరు అంటారు. వారానికి రెండు గీ క్లాసులు చేసేవాడికి ఆ బెంగ అక్కర్లేదు. రిస్ట్ కర్ల్స్, హ్యాండ్ గ్రిప్పర్, లావు బార్ మీద వేలాడటం మానేయొచ్చు. దండీలు తీసేటప్పుడు మణికట్టు వెనక్కి మడతపడి నొస్తే పారలెట్ల (నేల మీద పెట్టే చిన్న పట్టు కమ్మీల) మీదో, మెత్తటి మ్యాట్ మీద పిడికిలితోనో తీయండి. అప్పుడు మణికట్టు సూటిగా ఉంటుంది. పిడికిలి బరువు చూపుడు, మధ్యవేళ్ల కణుపుల మీదే ఉండాలి.

అదనంగా చేర్చాల్సింది వేళ్లు తెరిచే పని. వెడల్పాటి రబ్బరు బ్యాండు అయిదు వేళ్ల కొసలకూ తగిలించి నెమ్మదిగా తెరిచి, రెండు సెకన్లు ఆపి, నెమ్మదిగా మూయడం. ఇరవై చొప్పున మూడు సెట్లు, వారానికి మూడు రోజులు. దాంతోపాటు ఒకటి రెండు కిలోల డంబెల్ పట్టుకుని, ముంజేయి బల్లమీద ఆనించి అరచెయ్యి కిందికి ఉంచి, మణికట్టును రెండో చేత్తో పైకెత్తి నాలుగు సెకన్లలో కిందికి దించడం, పదిహేను చొప్పున మూడు సెట్లు. మోచేతి వెలుపలి నొప్పికి పనికొచ్చే కొద్దిపాటి ఉపాయాల్లో ఇదొకటి. కానీ వారంలో తగ్గిపోతుందని చూడకండి, ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

గిటార్ వైపు నుంచి తగ్గించుకోగలిగింది

ఇక్కడ దొరికే ఆదా జిమ్‌లో దొరికేదానికన్నా ఎక్కువ. చాలామంది దీన్ని వదిలేసి చేతికి బలం పెంచుకోవాలని చూస్తారు. ముందు గిటార్‌ని చూడాలి.

0.012 అంగుళాల మందమున్న మొదటి తీగ, అకూస్టిక్ గిటార్లకు మామూలుగా వచ్చేది, ఇరవై అయిదున్నర అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) మీద పదిన్నర కిలోల బిగువుతో ఉంటుంది. 0.010 తీగ బిగువు ఏడు కిలోల పైచిలుకు. అదే శ్రుతి, అదే పాట, దాదాపు మూడోవంతు తక్కువ బిగువు. మొత్తం గిటార్‌ని అర స్వరం దించితే బిగువు మరో పదకొండు శాతం తగ్గుతుంది, ఒకటో ఫ్రెట్ మీద క్యాపో (తీగలన్నీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి మామూలు శ్రుతికి తెచ్చుకోవచ్చు. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ 1965లో, పదిహేడేళ్ల వయసులో, రేకుల ఫ్యాక్టరీలో మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు పోగొట్టుకున్నాడు. అతను ఎడమచేతి వాటం, కాబట్టి పోయినవి ఫ్రెట్ల మీద నొక్కే కుడిచేతి వేళ్లు. ప్లాస్టిక్ కరిగించి వేలి తొడుగులు చేసుకుని, పలుచటి తీగలు వేసి, తర్వాత శ్రుతి కూడా దించుకుని వాయించాడు. హెవీ మెటల్‌కి ఆ బరువైన నాదం అలాగే వచ్చింది. పలుచటి తీగలు వాడటం నామోషీ అనుకునేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోవచ్చు.

యాక్షన్, అంటే తీగ ఫ్రెట్ మీద ఎంత ఎత్తులో ఉందో, పన్నెండో ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి కొలవండి. స్టీల్ తీగల అకూస్టిక్‌కి లావు తీగ దగ్గర సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర ఒకటిన్నర నుంచి రెండు సరిపోతుంది. మూడున్నర ఉంటే ఆ గిటార్ మీద వచ్చే చేతినొప్పికి జూడోని నిందించడం అన్యాయం. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీ) ఎత్తుగా ఉందేమో కూడా చూడాలి. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, ఒకటో ఫ్రెట్ మీద ఎంత సందుందో చూడండి. కాగితం మందం ఉంటే చాలు. అంతకన్నా బాగా ఎక్కువుంటే ఎఫ్ బారె ఎవరికైనా కష్టమే. కోస్తాలో వానాకాలం తేమకు అకూస్టిక్ పైచెక్క ఉబ్బి యాక్షన్ తనంతట తానే పెరుగుతుంది. మే నెలలో బాగున్న గిటార్ ఆగస్టులో చేతిని నొప్పించడంలో ఆశ్చర్యం లేదు.

ఇక ఒత్తిడి. ఒక స్వరం మీద వేలు ఆనించి, మోగకుండా మూగబోయే స్థితి నుంచి మెల్లగా పెంచుతూ శుభ్రంగా మోగిన చోట ఆపండి. అంతకు మించిన బలమంతా దండగ. వేలు ఫ్రెట్ కమ్మీకి ఆనుకునేంత దగ్గరగా, దాని వెనకే ఉంటే ఆ బలం ఇంకా తగ్గుతుంది. బారెలో బొటనవేలితో మెడను పిండటం మాని, మోచేతిని కాస్త వెనక్కి లాగి భుజం బరువును వాడాలి. నిలబడి వాయించేటప్పుడు స్ట్రాప్ కిందికి వేలాడితే మణికట్టు బాగా వంగుతుంది, కార్పల్ టనెల్ నలిగేది ఆ భంగిమలోనే. కూర్చున్నప్పుడు గిటార్ ఎంత ఎత్తులో ఉందో నిలబడినా అంతే ఉండేలా స్ట్రాప్ కుదించండి.

గోళ్ల సంగతి మాత్రం రాజీ కుదరనిది. క్లాసికల్ గిటారిస్టు కుడిచేతి గోళ్లు పెంచుతాడు. జూడోలోనూ జుజిట్సులోనూ గోళ్లు కత్తిరించుకుని రావాలి, లేకపోతే ఎదుటివాడి చర్మం చీరుకుపోతుంది, మీ గోరు మొదలంటా లేస్తుంది. వేలి కండతో వాయించడం అందుకు పాత పరిష్కారమే. ఫ్రాన్సిస్కో తారెగా చివరి రోజుల్లో గోళ్లు లేకుండానే వాయించేవాడు. నాదం మెత్తగా వస్తుంది, చప్పుడు తగ్గుతుంది. అది నచ్చనివాళ్లు రెండిటిలో ఒకటి ఎంచుకోవాల్సిందే. వేలి కొసల కాయలు వేరే విషయం. చెమటకీ స్నానానికీ నాని మెత్తబడిన కాయ మీద స్టీల్ తీగ నొక్కితే పొర లేస్తుంది. పూర్తిగా ఆరేదాకా ఒక గంట ఆగండి.

నొప్పిని చదవడం

ముంజేయంతా పరుచుకున్న నొప్పి రెండు రోజుల్లో పోతే అది మామూలు అలసట. వేలితో చూపించగలిగినంత చిన్న చోట నొప్పి, వాయించేకొద్దీ పెరిగే నొప్పి, వేలు ముడిచాక టిక్కుమని తెరుచుకోవడం, ఇవి ఆపమని చెబుతున్నాయి. రాత్రిపూట బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్లు తిమ్మిరెక్కితే మణికట్టు దగ్గర నరం. చిటికెన వేలు, ఉంగరపు వేలులో సగం తిమ్మిరెక్కితే మోచేతి దగ్గర నరం. ఆర్మ్‌బార్లకు (మోచేతిని వెనక్కి విరిచే పట్లకు) ఆలస్యంగా ట్యాప్ చేసేవాళ్లు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకునేవాళ్లు, ఫోన్ పట్టుకుని మోచెయ్యి మడిచి పడుకునేవాళ్లు దీన్ని తెచ్చుకుంటారు.

దెబ్బ తగిలినప్పుడు మూడు పరీక్షలు అక్కడికక్కడే చేసుకోవచ్చు. వేలి మధ్య కణుపును రెండో చేత్తో చాచి పట్టుకుని కొసను మాత్రం ముడవండి. ముడుచుకోకపోతే లోతు టెండన్ ఊడినట్టే, ఎక్కువగా ఉంగరపు వేలికి. దానికి వారం పదిరోజుల్లోపు చేతి సర్జన్ దగ్గరికి వెళ్లాలి, ఆలస్యమైతే టెండన్ అరచేతిలోకి వెనక్కి పోయి తిరిగి కలపడం కష్టమవుతుంది. వేలి కొస కిందికి వాలిపోయి దానంతట అది లేవకపోతే మ్యాలెట్ ఫింగర్. స్ప్లింట్‌లో ఆరు నుంచి ఎనిమిది వారాలు రాత్రింబవళ్లు చాచి ఉంచాలి, మధ్యలో ఒక్కసారి వంగినా లెక్క మొదటికొస్తుంది. చెయ్యి చాచి పడ్డాక బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్క పల్లంలో నొక్కితే నొప్పి ఉంటే స్కఫాయిడ్ ఎముక విరిగి ఉండొచ్చు. తొలి ఎక్స్‌రేలో కనిపించకపోవడం మామూలే, పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీయించాలి లేదా ఎమ్మారై చేయించాలి. ఆ ఎముకకు రక్తం కొస వైపు నుంచి వెనక్కి వస్తుంది గనక వదిలేస్తే అతకకపోవచ్చు. బెణికిందనుకుని వేలిని లాగి సరిచేయడం, నూనె రాసి మర్దన చేయించడం ఈ మూడింటిలోనూ చేటు చేస్తాయి. పుత్తూరు కట్టుకి వెళ్లేవాళ్లు కూడా ముందు ఎక్స్‌రే తీయించుకుని వెళ్లాలి, ఊడిన టెండన్‌ని ఏ కట్టూ అతికించలేదు.

కచేరీ, పోటీ ఒకే నెలలో

కచేరీకి అయిదు రోజుల ముందు నుంచి గుడ్డ పట్టు, స్పారింగ్, బరువైన పుల్ ఎక్సర్‌సైజులు మానేసి కాళ్లు, ఊపిరి, ఫుట్‌వర్క్ మీద క్లాసు గడపండి. ఆ చివరి వారంలో గిటార్ సాధన పెంచాలన్న ఆత్రం ఎక్కువగా ఉంటుంది, దాన్ని కూడా ఆపుకోవాలి. పోటీ ముందున్నప్పుడు తిరగేసి, గిటార్‌ని రోజుకు పదిహేను నిమిషాలకు తగ్గించవచ్చు, కాయలు పోకుండా ఉండటానికి అది చాలు. పోటీ మర్నాడు గిటార్ ముట్టకండి. రెండో రోజు నైలాన్ తీగల గిటారో, ఎలక్ట్రిక్కో తీసుకుని ఏడో ఫ్రెట్ పైన, బారెలు లేకుండా పదిహేను నిమిషాలు. మూడో రోజు వేళ్లు పొద్దున బిగుసుకోకుండా ముడుచుకుంటే అరగంట. బిగుసుకుంటే మళ్లీ పదిహేనే.